పచ్చి గోడ

గోడల సారు హెల్మెట్ మెట్ల కమ్మీకి తగిలించి వచ్చి, స్నానాలగదిలో మోకాళ్ళ మీద కూర్చుని, వేలి కణుపుతో గోడకు అతికించిన ఒక్కో పలకనూ కొట్టి చూస్తున్నాడు. లోపల డొల్లగా ఉంటే చప్పుడు వేరుగా వస్తుంది. ఇంటి మీద అప్పిచ్చే బ్యాంకుల తరఫున వెళ్ళి, ఒప్పుకున్న మరమ్మతులు నిజంగా జరిగాయో లేదో చూసి చెప్పడం అతని ఉద్యోగం. యాభై దాటిన బక్కపలచని మనిషి. చొక్కా మోచేతుల దగ్గర ఎప్పుడూ సున్నం. ఎన్ని ఇళ్ళు తిరిగినా ఏ ఇంటివాళ్ళకూ అతని ముఖం గుర్తుండదు; అందరికీ గోడల సారు, అంతే.

"ఇవి బాగానే ఉన్నాయి. ఇక వెనకగది," అన్నాడు లేస్తూ.

"అక్కడ చూసేదేముంది సార్! నిన్ననే రంగు వేయించాను," అన్నాడు ఆ ఇంటి పెద్దకొడుకు.

వెనకగదిలో అతని తల్లి మంచం మీద దగ్గుతోంది. చిన్నకొడుకు ఆమె వీపు నిమురుతున్నాడు. గోడ తెల్లగా మెరుస్తోంది. గోడల సారు బొటనవేలితో నొక్కాడు. తడి మట్టిలోకి దిగినట్టు వేలు దిగిపోయింది.

"చెమ్మ మీదే రంగు కొట్టారు. పని అయిందని రాయలేను."

చిన్నవాడు లేచాడు. "నీ గదికి పాలరాయి, అమ్మ గదికి పైపై రంగా? సిగ్గులేదా నీకు?"

"నోర్ముయ్! ఈ ఇల్లు నడిపేది నేను."

చిన్నవాడు అన్న గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్ళి గోడకు గుద్దుకున్నారు. పెచ్చులు రాలాయి. పెద్దవాడు తమ్ముడి ముఖాన్ని కిటికీ ఊచలకేసి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. పన్ను ఊడి నేలమీద పడింది. చిన్నవాడు కూలబడ్డాడు. మేస్త్రీ వదిలి వెళ్ళిన గడ్డపార పెద్దవాడి చేతికి దొరికింది.

"చంపేస్తున్నాడు బాబోయ్! ఎవరైనా ఆపండి!" తల్లి అరిచింది.

ఆ అరుపు గోడల సారుకు తెలుసు. చిన్నప్పుడు నాన్న బెల్టు తీసినప్పుడల్లా అమ్మ అలాగే అరిచేది. అతను అటు తిరిగి గోడమీది పగుళ్ళు చూస్తూ నిలబడేవాడు. ఏ పగులు ఎక్కడ మొదలై ఎటు పోతుందో అలాగే నేర్చుకున్నాడు. అమ్మ పోయేదాకా ఒక్కసారీ అడ్డం వెళ్ళలేదు.

ఈసారి కాళ్ళు వాటంతటవే కదిలాయి. తమ్ముడి మీదికి దిగుతున్న గడ్డపార, అడ్డం వెళ్ళిన గోడల సారు తలకు ఓ పక్కన తగిలింది.

ఇనుము నేలమీద పడి మోగింది. పెద్దవాడు వెనక్కి తగ్గాడు. "సార్... మీరెందుకొచ్చారు మధ్యలో..."

"ఆసుపత్రికి పదండి సార్," అన్నాడు చిన్నవాడు, నోట్లోంచి నెత్తురు కారుతుండగా.

"నాకేం కాలేదు. ముందు నువ్వెళ్ళు బాబూ." గోడల సారు చెవి వెనక తుడుచుకుని పెద్దవాడికేసి చూశాడు. "ఆ పూతంతా చెక్కించి మళ్ళీ చేయించు. అప్పుడొచ్చి చూస్తాను."

గొంతు వణకలేదు. అదే అతనికి వింతగా తోచింది.

ఇంటికెళ్ళాక భార్య కంగారుపడింది. "తలకేమైంది?"

"గుమ్మం తగిలింది."

"ఇళ్ళు చూసే మనిషికి గుమ్మం కనబడలేదా!" తడిగుడ్డతో అద్దుతూ అంది.

అతను నవ్వి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీకో సంగతి చెప్పాలి. కాస్త నడుం వాల్చి, లేచాక చెబుతా."

సాయంత్రం ఆమె టీ తెచ్చి పిలిచింది. భుజం తట్టింది. గ్లాసు కింద పెట్టి మళ్ళీ తట్టింది.

ఆ అన్నదమ్ముల ఇంటి మెట్ల కమ్మీకి, వాచిన తలకు పట్టక అతను వదిలేసి వెళ్ళిన హెల్మెట్ వేలాడుతోంది. దాని లోపలి మెత్త ఇంకా అతని తల ఆకారంలోనే నొక్కుకుని ఉంది.