బాలనర్సమ్మ చేతికి క్లాంపు

నేర్పుతానని ఒప్పుకున్నది నోరే గానీ, మెహరాజ్ గుండె ఒప్పుకోలేదు. ఆడవాళ్ల సంఘం మీటింగులో "కొత్తోళ్లకు బోరింగు పని ఎవరు చూపిస్తరు?" అని అడిగినప్పుడు అందరూ తలలు దించుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆమె ఒడిలో పిల్ల కేరుమంది. అన్ని మొహాలూ ఇటు తిరిగాయి. ఆ చూపులకు తట్టుకోలేక "నేను చూపిస్త" అనేసింది. ఆ రోజు నుంచి ఆమెకు తిన్నది ఒంటబట్టలేదు.

మక్తల్ అవతల, రేగడి చేల మధ్య ఊరది. తాగే నీళ్లిచ్చే చేతి బోరింగు ఒక్కటే, తక్కినవన్నీ ఉప్పునీళ్లు. అది మొరాయించిందంటే మెకానిక్కు ఎప్పుడొస్తాడో ఎవరూ చెప్పలేరు. అందుకని మెహరాజ్, గుర్వమ్మ కలిసి పాలమూరు పోయి పని నేర్చుకొచ్చారు. పానాలు, తక్కిన పనిముట్లు సంఘానివి. నేర్చుకుంటానన్న ఆడమనిషి ఎవరైనా రావచ్చు. కూలీ లేదు, దాపరికం లేదు. నేర్చినామె ఇంకొకామెకు నేర్పాలి, అంతే.

వచ్చింది మాత్రం ఒక్క బాలనర్సమ్మే. బుచ్చయ్య చిన్న కోడలు, మొన్నమొన్న కాపురానికి వచ్చిన పిల్ల.

బోరింగు పనిలో భయమంతా పైపు దగ్గరే. లోపలి తోలు వాషర్లు అరిగితే పైపులన్నీ ఒకటొకటిగా పైకి లాగాలి. లాగిన బరువును పట్టి ఉంచడానికి క్లాంపు అని ఒక ఇనుప పట్టు ఉంటుంది. దాని పళ్లు పైపును కరవకముందే పైన లాగేవాళ్లు వదిలారా, గొట్టాల వరుస మొత్తం బోరులోకి దూసుకుపోతుంది. ఇక ఆ బోరును మట్టితో పూడ్చుకోవలసిందే. పక్క ఊళ్లో అట్లాగే అయింది. అక్కడి ఆడవాళ్లు ఇప్పుడు వాగులో చెలిమెలు తోడుకుంటున్నారు. మెహరాజ్ పిల్లకు ఉప్పునీళ్లు ఒక్కపూట పడితే చాలు, కడుపు జారుతుంది. ఈ ఎండల్లో బోరు పోతే ఆ పిల్ల దక్కుతుందా? ఆ ఆలోచన దగ్గరికి వచ్చేసరికి మెహరాజ్ మనసు ముడుచుకుపోయేది.

అందుకే ఇంటి వెనక రోకలిని తాడుతో వేలాడదీసి, బాలనర్సమ్మ చేత దాన్ని క్లాంపుతో మళ్లీ మళ్లీ పట్టించింది.

"పండ్లు కరిసినంక 'పట్టిన' అని గట్టిగ అనాలె. నువ్వు అననిది మేం ఇడువం. యాదికుంటదా?"

"ఉంటదక్కా. ఊరంత ఇనేటట్లు అంట," అని నవ్వింది బాలనర్సమ్మ.

వాషర్లు మార్చాల్సిన పొద్దున బోరింగు తల విప్పేసరికి బిందెల వరుస వెనక మగవాళ్లు కూడా చేరారు. బుచ్చయ్య బండ మీద కూర్చుని బీడీ వెలిగించాడు.

"ఏమమ్మా మెహరాజ్, ఇప్పుడైతే మంచిగనే ఇప్పినవ్. మళ్ల పెట్టొస్తదా, లేకుంటే పైపులతోని పందిరేసి బీరతీగ పారిస్తవా?"

"పారిస్తం బావా," అంది గుర్వమ్మ. "తొలి కాత నీకే పంపుతం. నమిలే పండ్లున్నయా మరి?"

అందరూ నవ్వారు. మెహరాజ్ నవ్వలేదు. ఆమె బాలనర్సమ్మనే చూస్తోంది. మామ కనబడగానే ఆ పిల్ల కొంగు నుదుటి దాకా వచ్చింది.

మెహరాజ్, గుర్వమ్మ, సంఘంలోని ఇంకో ఇద్దరు లాగుడు పానాలు పట్టి పైపు ఎత్తారు. అనుకున్నదానికంటే బరువు. బాలనర్సమ్మ క్లాంపు దగ్గర కూర్చుని పిడి నొక్కింది.

"పట్టినవా?" అంది మెహరాజ్.

కొంగు చాటున పెదవులు కదిలినట్టున్నాయి.

"పట్టినవా పిల్లా?"

"పట్టింది తియ్యి, రెక్కలు గుంజుతున్నయి, ఇడువు," అంది గుర్వమ్మ, రొప్పుతూ.

పట్టే ఉంటుందనుకుని మెహరాజ్ చెయ్యి కొంచెం సడలించింది.

పైపు సర్రున జానెడు దిగింది. నలుగురూ ఒక్కసారిగా దాన్ని వాటేసుకున్నారు. మెహరాజ్ అరచెయ్యి దోక్కుపోయింది. పైపు ఆగింది గానీ, బరువు సగం క్లాంపు మీద, సగం వీళ్ల చేతుల మీద.

"ఆగుండ్రి, నేను పడత," అంటూ బుచ్చయ్య బీడీ పారేసి లేచాడు.

మామ అడుగు ముందుకు పడగానే బాలనర్సమ్మ ఒళ్లు వెనక్కి జరిగింది. ఒక చెయ్యి పిడి వదిలి కొంగు కోసం పోయింది. పెద్దవాళ్లు వస్తే పక్కకు తప్పుకోవాలని పుట్టింట్లో నేర్చుకున్న ఒళ్లు అది. అది పైపును లెక్కచెయ్యదు.

"కాకా, ఆడనే ఉండు," అంది మెహరాజ్. "నీకు దండం పెడత, దగ్గరికి రాకు. నువ్వొస్తే ఆమె లేస్తది. లేస్తే బోరు పోతది."

బుచ్చయ్య నిలబడిపోయాడు. మొహంలో కోపం వచ్చింది, మళ్లీ ఏమనుకున్నాడో పోయింది. కోడలి చెయ్యి చూశాడు. తర్వాత ఆయన వెనక్కి తిరిగి, బోరింగుకు వీపు పెట్టి, బండ మీద కూలబడ్డాడు.

"నేను సూస్తలేనమ్మా," అన్నాడు చేల వైపు చూస్తూ. "ఈడ మీ మామ లేడనుకో. ఏమయ్యిందో వాళ్లకు చెప్పు."

బాలనర్సమ్మ గొంతు పిల్లిపిల్ల గొంతులా వచ్చింది.

"పట్టలేదక్కా. పండ్ల నడుమ మట్టి ఇరుక్కుంది."

"పుల్లతోని గీకు. నిమ్మలంగ. మేం పట్టుకున్నం," అంది మెహరాజ్. పట్టుకున్నామన్న మాట ఎంతసేపు నిజమో ఆమెకు తెలియదు. గుర్వమ్మ అప్పటికే రెండుసార్లు పట్టు మార్చుకుంది. తాను పోయి క్లాంపు పట్టుకుంటే బాగుండు. కానీ ఈ బరువు వదిలి పోయేదెట్లా? పోయినా, మళ్లీ ఈ పిల్ల పానా ముట్టుకుంటుందా? దూరంగా నీడలో పడుకోబెట్టిన తన చంటిపిల్ల ఏడుపు మొదలెట్టింది. ఎవరో ఎత్తుకున్నట్టున్నారు. తల తిప్పే ధైర్యం లేదు.

గీకిన చప్పుడు ఆగింది. ఇనుము ఇనుమును కరిచింది.

"ఇప్పుడు పట్టిందక్కా," అంది బాలనర్సమ్మ. ఈసారి బిందెల వరుస చివరి దాకా వినబడింది.

గుర్వమ్మ వదిలింది. మిగతా ఇద్దరూ వదిలారు. మెహరాజ్ వేళ్లు విడిరాలేదు. ఈ ఒక్క పైపు తర్వాత ఇంకా ఎన్నో ఉన్నాయి, తిరిగి దించేటప్పుడు మళ్లీ అన్నీ ఉన్నాయి. ప్రతి దానికీ ఈ పిల్ల మాటే నమ్మాలి.

కళ్లు మూసుకుని, ఒక్కొక్క వేలే విప్పింది.

పైపు కదలలేదు. బరువు దిగిన ఆమె చేతులు మాత్రం గాలిలో అట్లాగే బిగుసుకుని ఉన్నాయి.