సెల్ఫు పలకని రోజు

బ్యాటరీ మూతలు మూడూ విప్పి లోపలికి తొంగిచూశాడు లాల్ అహ్మద్. రెండు గదుల్లో నీళ్ళు పలకల కిందికి దిగిపోయాయి. పోసి నాలుగు రోజులే అయింది. తీగలు బిగించే చోట మళ్ళీ తెల్లటి పొడి పూసింది. వేడినీళ్ళు పోసి కడిగి, పాతగుడ్డతో తుడిచి, గ్రీజు రాశాడు. కుళ్ళిన గుడ్డు వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసన వారం రోజులుగా వస్తూనే ఉంది.

తర్వాత సీట్లో కూర్చుని, ఇంజనును లేపే సెల్ఫు తొక్కాడు. ఇంజను ఒక చుట్టు తిరిగి ఆగింది. బద్ధకంగా ఇంకో చుట్టు తిరిగింది. మూడోసారికి అంటుకుంది. తొక్కినంతసేపూ దీపాలు గుడ్డివై, వదలగానే మళ్ళీ వెలిగాయి. హారను నొక్కి చూశాడు. జలుబు చేసినవాడి గొంతులా పలికింది. ఇన్ని విధాల చెప్తున్నా వినని మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడని, ఆ మనిషి ఇంటి జీతమే తాను తింటున్నానని తలచుకుని ఇంజను మీద ఉమ్మబోయాడు. దాని తప్పేమీ లేదు కదా అని పక్కకు తిరిగి నేలమీద ఉమ్మాడు.

ఆ మనిషి వకీలు అనంతయ్య. నాగర్‌కర్నూల్‌లో సొంత మోటారుకారున్న వకీలు ఆయనొక్కడే. ఇంటి నుంచి కోర్టుకు నాలుగు వందల గజాలు. ఆ నాలుగు వందల గజాలకూ కారే. పొద్దున ఒకసారి, అన్నానికి వచ్చి పోయేటప్పుడు రెండుసార్లు, సాయంత్రం ఒకసారి. ఇంజను లేపడానికి ఖర్చయిన బలమైనా ఆ కాస్త దూరంలో బ్యాటరీకి తిరిగి చేరదని లాల్ అహ్మద్ ఎన్నిసార్లో చెప్పాడు. వకీలు దాన్ని డ్రైవరు సోమరితనంగా అర్థం చేసుకున్నాడు.

ఆ రోజు బిజినేపల్లిలో నాగప్ప పటేలు ఇంట్లో విందు. పట్టుకండువా వేసుకుని వసారాలోకి వచ్చిన వకీలుతో లాల్ అహ్మద్ మళ్ళీ చెప్పాడు.

"సాబ్, బ్యాటరీ పోతున్నది."

"నిన్న గూడ గట్లనే అంటివి. బండి నడిచిందా లేదా?"

"నడిచింది."

"మొన్న?"

"మొన్న గూడ నడిచింది."

"మరింకేంది నీ పరేషాను?"

సాక్షిని బోనులో ఓడించినంత సంబరం వకీలు ముఖంలో కనిపించింది. లాల్ అహ్మద్ కిందికి చూస్తూ, "పాలమూరుకు పంపి రెండ్రోజులు చార్జి పెట్టియ్యాలె. పలకలు సచ్చినయంటే కొత్తది దెప్పియ్యాలె," అన్నాడు.

"రెండ్రోజులు నేను నడుసుకుంట పోవాల్నా కోర్టుకు? ఆ బాలస్వామి వకీలు పండ్లికిలిస్తడు. ఎక్కు, ఎక్కు."

లాల్ అహ్మద్ ఎక్కాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇలాంటివాళ్ళు ఎక్కు అంటే ఎక్కుతున్నాడు. ఉప్పునుంతల దగ్గర అడవి కలప మోసే లారీ మీద క్లీనరుగా మొదలై, రాళ్ళ దారుల్లో చక్రాల కింద పడుకుని నేర్చుకున్న విద్య అతనిది. ఇంజను చప్పుడు విని లోపల ఏ మర వదులయిందో చెప్పగలడు. మనుషుల మాట వినే ఓపిక మాత్రం అతనికి ఎన్నడూ లేదు. బస్సు నడిపేవాళ్ళు అతని లెక్కలో పశువుల కాపర్లు. గేరు మార్చేటప్పుడు చప్పుడు చేసేవాడు దొంగకన్నా హీనం. భార్య సుల్తానాబీ కారు ముందు నిమ్మకాయ కట్టమంటే, దాని రసం బ్యాటరీలో పిండమంటావా అని వెక్కిరించాడు. ఆమె నెల రోజులుగా ఇంకో మాట కూడా అంటోంది. మెట్లెక్కితే అతనికి ఆయాసం వస్తోందట, చొక్కా తడిసేట్టు చెమట పడుతోందట, ఒకసారి దవాఖానలో చూపించుకోమంటుంది. ఎడమ చెయ్యి లాగుతున్న మాట ఆమెకు చెప్పనేలేదు. గేరు కడ్డీ బిగుసుకుపోయిందని, అందుకే లాగుతోందని అతని నమ్మకం. గేరు కడ్డీకి రెండుసార్లు నూనె వేశాడు.

బిజినేపల్లి దారిలో గంటసేపు ఇంజను నడిచింది. స్టీరింగు వెనక బ్యాటరీ చార్జీ చూపే ముల్లు కాస్తయినా జరగలేదు. నాగప్ప పటేలు ఇంటి ముందు బండి ఆపగానే, ఇంజను ఆపకుండా ఉంచుతానన్నాడు లాల్ అహ్మద్. యుద్ధం రోజుల్లో పెట్రోలు రేషను చిట్టీల మీద దొరుకుతుంటే నీ సరదాకు కాలబెడతావా అని వకీలు కసిరాడు. ఆపేశాడు.

భోజనాలయ్యాయి. మూడో జాముకు పటేలు ఇంటి ఆడవాళ్ళు, పాలేర్లు కారు చుట్టూ మూగారు. వకీలు తాంబూలం నములుతూ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఆరేళ్ళుగా కారుంది గానీ దాన్ని నడపడం ఆయనకు రాదు. హారను కొట్టడం, దీపాలు వెలిగించడం వచ్చు. ఆ రెండూ చేశాడు. అంత ఎండలో దీపాలు వెలిగించి, "నాగప్పా, రాత్రయితే గీ వెలుగుల చీమ గూడ కనవడ్తది," అన్నాడు. జనం అబ్బా అన్నారు. ఎండలో వెలుగే కనబడని దీపానికి అబ్బా అన్న జనాన్ని చూసి లాల్ అహ్మద్ పక్కకు నడిచాడు. వేపచెట్టు నీడలో చొక్కా గుండీ విప్పుకుని కూర్చున్నాడు. వకీలు అరగంటసేపు హారను కొట్టాడు. అది బొంగురుపోయి, చివరికి దోమ రొదలా మిగిలింది.

అప్పుడు నలుగురు మనుషులు నులకమంచం మోసుకొచ్చారు. ముందు నడుస్తున్నవాడు యోహాను, పటేలు చేలల్లో కూలి. మంచం మీద అతని భార్య దేవమ్మ. నొప్పులు మొదలై రెండు రోజులైంది. బిడ్డ అడ్డం తిరిగిందని, తన చేతుల్లో లేదని మంత్రసాని చెప్పేసింది.

యోహాను మంచం దించి వకీలు కాళ్ళకు దూరంగా మోకరిల్లాడు. "అయ్యా, నాగర్‌కర్నూల్ దవాఖానకు జర తీస్కవోవాలె. ఎడ్లబండి మీద వోతే తెల్లారుతది. బతకది."

వకీలు వెనక సీటు వైపు చూశాడు. దానికి కొత్తగా వేయించిన తోలు తొడుగు ఉంది. "గిదంత రక్తం గాదా?" అన్నాడు నాగప్పతో. ఏదో న్యాయసూత్రం మీద అభిప్రాయం అడుగుతున్నట్టే అడిగాడు. నాగప్ప గొంతు సవరించుకున్నాడు.

లాల్ అహ్మద్ లేచి వెనక తలుపు తీశాడు. "పండవెట్టుండ్రి," అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో యజమానిని అడగకుండా తలుపు తీయడం అదే మొదటిసారి. అది దయేమీ కాదు. వకీలు ముఖం ఇంకో క్షణం చూడబుద్ధి కాలేదు, అంతే.

ముందు సీట్లోంచి వకీలును దిగమన్నట్టు నిలబడ్డాడు. వకీలు దిగాడు. లాల్ అహ్మద్ సెల్ఫు తొక్కాడు. టక్కుమని ఒక చప్పుడు. మళ్ళీ తొక్కాడు. ఆ చప్పుడు కూడా లేదు.

"ఏమైంది?" అన్నాడు వకీలు.

లాల్ అహ్మద్ ఆయన వైపు చూశాడు. వారం రోజులుగా చెప్పిన మాట ఇప్పుడు మళ్ళీ చెప్పడానికి అతనికి రోతగా తోచింది. సీటు కింద నుంచి, ఇంజనును చేత్తో తిప్పి లేపే ఇనుప హ్యాండిలు తీసుకుని బండి ముందుకు నడిచాడు.

"మేం నలుగురమున్నం, తోస్తం సాబూ," అన్నాడు యోహాను.

"తోసేటందుకు గిది గడ్డిబండి గాదు. పక్కకు జరుగు."

వాళ్ళు తోస్తే ఇరవై అడుగుల్లో బండి లేచేదే. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ బండిని మనుషుల చేత తోయించుకోవడం చేతగాని డ్రైవర్ల పని అని అతను పాతికేళ్ళుగా నలుగురిలో చెప్తూ వచ్చాడు. హ్యాండిలు దూర్చి తిప్పాడు. రెండు, మూడు, ఐదు. ఇంజను దగ్గి ఊరుకుంది. వెనక సీట్లో దేవమ్మ పళ్ళు బిగించి మూలుగుతోంది. తొమ్మిదోసారి హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు మీద కొట్టింది. యోహాను ముందుకు వస్తే మోచేత్తో నెట్టేశాడు. లాల్ అహ్మద్ ముఖం బూడిదరంగుకు తిరిగింది. చెమట గడ్డం మీంచి బొట్లుగా రాలింది. పన్నెండోసారి ఇంజను అంటుకుంది.

అతను పరుగున వచ్చి సీట్లో పడ్డాడు. యోహాను వెనక భార్య తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మరి నేనో?" అని అరిచాడు వకీలు.

"నడుసుకుంట రండ్రి," అన్నాడు లాల్ అహ్మద్, గేరు వేస్తూ.

దారిలో అతను ఒక్కసారే మాట్లాడాడు. గుంతలో బండి ఎగిరి దేవమ్మ కేక పెట్టినప్పుడు, "ఓర్సుకో బిడ్డా, ఇంజను ఆగితే మళ్ల లేవది," అన్నాడు. అంత మెత్తగా అతను మాట్లాడగలడని సుల్తానాబీకి కూడా తెలియదు. ఎడమచేతిని చాలాసేపు తొడమీదే ఉంచాడు. గేరు మార్చాల్సి వచ్చినప్పుడు కుడిచెయ్యి అడ్డంగా చాచి మార్చాడు. ఒక్కసారి కూడా చప్పుడు కాలేదు.

దవాఖాన వాకిట్లో బండి ఆపి, ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. దేవమ్మను లోపలికి మోసుకెళ్ళారు. పొద్దు వాలేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు. ఆ కబురు చెప్పి దండం పెట్టుకుందామని యోహాను బయటికి పరుగెత్తాడు. లాల్ అహ్మద్ స్టీరింగు మీద చెయ్యి వేసి, తల కొద్దిగా పక్కకు వాల్చి కూర్చుని ఉన్నాడు. యోహాను మూడుసార్లు పిలిచాడు. తర్వాత భుజం తాకి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కంపౌండరు వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. నలుగురు కలిసి అతన్ని దించి అరుగు మీద పడుకోబెట్టారు. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంది. దాన్ని ఎలా ఆపాలో అక్కడ ఎవరికీ తెలియదు. సుల్తానాబీ వచ్చింది, ఏడ్చింది, ఆమె అన్నదమ్ములు శవాన్ని ఇంటికి తీసుకుపోయారు. అయినా అది నడుస్తూనే ఉంది. రాత్రి భోజనాల వేళకు పెట్రోలు అయిపోయి దానంతటదే ఆగింది.

వకీలు అనంతయ్య మర్నాడు పొద్దున నాగప్ప పంపిన ఎద్దులబండిలో వచ్చి దవాఖాన ముందు దిగాడు. మొదట వెనక సీటు చూశాడు. ఆ తర్వాతే డ్రైవరు సంగతి అడిగాడు. "మంచోడే గానీ నోరు పెద్దది," అన్నాడు. పాలమూరు నుంచి ఇంకో డ్రైవరును పిలిపించాడు. ఆ డ్రైవరు సెల్ఫు తొక్కి, బ్యాటరీ విప్పి చూసి, ఇది చావబట్టి వారం దాటిందని, ఎవరూ చెప్పలేదా అని అడిగాడు. పెట్రోలు పోయిద్దామంటే చిట్టీలు అయిపోయాయి, చేత్తో తిప్పుదామంటే హ్యాండిలు కనబడలేదు. చివరికి రెండెద్దులను కట్టి కారును ఇంటికి లాగించాడు. దారి కోర్టు ముందు నుంచే. బాలస్వామి వకీలు మెట్ల మీద నిలబడి, పళ్ళు కనబడకుండా నవ్వాడు.

బిజినేపల్లిలో నాగప్ప పటేలు వాకిట్లో, పరుగున పోతూ లాల్ అహ్మద్ వదిలేసిన చోటే, ఆ హ్యాండిలు దుమ్ములో పడి ఉంది. పిడికి చుట్టిన గుడ్డపీలిక ఒకవైపు విడిపోయి, గాలికి కొద్దికొద్దిగా లేస్తోంది.