నక్క కడుపులో ఖాళీ గది

వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. ముందుగదిలో బావ ఫోన్లో మాట్లాడుతున్నాడు. నడవలో పళ్ళు తోముకుంటున్న బావమరిది చెవిన పడ్డ ముక్క ఇది:

"వాడు ముందు అత్త దగ్గర పెరగాలి. ఆ తర్వాతే అక్క కడుపులో చోటు."

బావ అన్నది నత్త, నక్క. రెండు 'న'లూ మిక్సీలో పడి నలిగిపోయాయి.

బావ శాస్త్రజ్ఞుడు. అడవి నక్కల కడుపుల్లో కాపురముండే పురుగుల మీద పరిశోధన. ఏ పురుగు ఏ పురుగుతో సర్దుకుంటుంది, ఎవరొస్తే ఎవరు మూట సర్దుకుంటారు అన్నదే ఆయన లోకం. నక్క పేగులో ఇరుగుపొరుగు గురించి అడిగితే పొద్దుగూకేదాకా చెబుతాడు. పక్కింట్లో ఎవరుంటున్నారో మాత్రం ఆయనకు తెలియదు.

బావమరిది చేసే ఉద్యోగం, ఉద్యోగ ప్రయత్నం. ఇల్లరికపు అల్లుళ్ళు ఊరూరా ఉంటారు గానీ ఇల్లరికపు బావమరిది బహుశా ఇతనొక్కడే. అక్క అతన్ని నిజంగానే కడుపులో పెట్టుకుని చూసుకునేది. వెనకగది, అందులో మంచం, కిటికీ ఎండను బట్టి జరుపుకునే పడక్కుర్చీ. లోకంలో నాది అని చెప్పుకోవడానికి అతనికున్న ఆస్తంతా అదే. ఆ గది పోతే అతను గది లేనివాడు కాదు, గతి లేనివాడు.

ఫోన్లో బావ ఇంకా అంటున్నాడు: "ఆ పెద్దవాడికి మందు పెట్టేద్దాం. చోటు ఖాళీ అయ్యాక ఎవరొచ్చి చేరతారో చూద్దాం."

బావమరిది నురగతో సహా పేస్టు మింగేశాడు.

అంతలో అక్క కాఫీ తెచ్చింది. "తాగరా, చల్లారిపోతుంది."

"నువ్వు కూడానా అక్కా?"

"నేనెప్పుడో తాగేశాను."

దానికతను కళ్ళనీళ్ళు పెట్టుకుని, బట్టలు సంచిలో కుక్కుకుని వీధిన పడ్డాడు. మందు కంటే అత్త నయమనుకున్నాడు. తేడా వెంట్రుకవాసే.

అత్తకి రైల్వే స్టేషన్ వెనక లాండ్రీ ఉంది. మేనల్లుణ్ణి గుమ్మంలో చూడగానే ఆవిడ, "ఏరా, దారి తప్పావా?" అంది.

"నీ దగ్గర పెరగమన్నారత్తా."

"ఇంకా పెరుగుతావా? ఆ పొట్టకి చొక్కా కుట్టమంటే దర్జీలు సమ్మె చేస్తారురా!"

ఆ రోజు నుంచీ అత్త దుప్పట్లనీ మేనల్లుణ్ణీ తేడా చూపకుండా ఉతికి ఆరేసింది. అతను ఇస్త్రీ చేస్తూ కిటికీ ఎండను తలుచుకుని నిట్టూర్చేవాడు. ఒక నిట్టూర్పు పొడుగయ్యేసరికి పెట్టె కింద లాయరుగారి కోటు మాడింది. అది ముందే నల్లకోటు కాబట్టి బతికిపోయాడు.

ఒక మధ్యాహ్నం బావా అక్కా లాండ్రీలోకి వచ్చారు. అక్క చిక్కి సగమైంది. బావ చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"రారా ఇంటికి," అన్నాడు బావ.

"గది ఖాళీ కావాలన్నావుగా బావా?"

"ఖాళీయా! అడుగు పెట్టే సందు ఉంటే ఒట్టు!"

బావమరిది బయల్దేరాడు. వెనకే లాండ్రీ మూసి అత్త. ఉతకడం రోజూ ఉండేదే, తగాదా దొరకొద్దూ!

ఇల్లు చూసి బావమరిది గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెనకగది మంచం మీద బావ పెదనాన్న. సోఫా మీద పెదనాన్న చదరంగం స్నేహితుడు. ఆయనకి ఆకలేస్తే గానీ ఎత్తు తట్టదు. మెట్ల కింద బావ పిన్ని. ఆవిడ క్లారినెట్ నేర్చుకుంటోంది. అది మాత్రం ఆవిడ దగ్గర ఏమీ నేర్చుకోనంటోంది.

బావ స్టూలెక్కాడు. "అందరూ వినండి. నక్క కడుపులో ఒక పెద్ద బద్దెపురుగు ఉండేది. ఒళ్ళు వంచదు. పరాయి తిండి. కానీ అది చాపుకుని పడుకున్నంత మేరా ఇంకొకరికి చోటుండదు. నేను మందు పెట్టి దాన్ని పంపించేశాను, నక్క కోలుకుంటుందని. కోలుకోలేదు! ఆ ఖాళీలోకి కొంకిపురుగులు, నులిపురుగులు దిగబడి కూచున్నాయి. నక్క మునుపటికంటే చిక్కిపోయింది."

"ఆ నక్క సంగతి నన్నడగండి," అంది అక్క గోడకానుకుని.

"ఇంతకీ నేను ఏ పురుగునిరా?" పెదనాన్న మంచం మీంచే అడిగాడు.

"కొంకిపురుగు, పెదనాన్నా. పళ్ళుంటాయి."

"నావి కట్టుడువేలే. ఫరవాలేదు."

"ఆయనకి కొంకి, నాకు నులా?" పిన్ని క్లారినెట్ దించింది. "సంగీతం తెలిసినదాన్ని, కాస్త మంచి పురుగు చూడు నాయనా!"

బావ వినిపించుకోలేదు. బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. "ఆ గది నీదిరా. నువ్వు పడుకుంటేనే ఈ ఇల్లు లేస్తుంది."

బావమరిది చెయ్యి లాక్కున్నాడు. "పడుకున్నాక మందు పెడితే? ఆ పొద్దున ఫోన్లో నేను విన్నాను. పెద్దవాడికి మందు పెడదామన్నావు!"

"బద్దెపురుక్కిరా!"

"వాణ్ణి అత్త దగ్గర పెంచాలన్నావు!"

"అత్త కాదు, నత్త! ఇంకోరకం పురుగుంది. దాని పిల్ల ముందు నత్త ఒంట్లో పెరుగుతుంది. ఆ తర్వాతే నక్క కడుపులోకి చేరుతుంది. నక్క! మీ అక్క కాదు!"

పెదనాన్న నవ్వాడు, స్నేహితుడు నవ్వాడు, క్లారినెట్ కూడా ఒక కూత కూసింది. అత్త ఒక్కతే నడుముకి చేతులానించింది. "నన్ను నత్త చేశాడా వీడు? గంపెడు దుప్పట్లు పొద్దెక్కకుండా ఆరేసేదాన్ని!"

బావమరిది మొహం మాత్రం మాడిన కాలరులా ముడుచుకుంది. "అంటే అంతసేపూ మాట్లాడుకున్నదాంట్లో నా గురించి ఒక్క ముక్కా లేదన్నమాట."

"అప్పుడు లేదురా," అన్నాడు బావ బుజ్జగిస్తూ. "ఇప్పుడు రాస్తున్న వ్యాసం నిండా నువ్వే."

ఆ మాటకి బావమరిది కొంచెం తేరుకున్నాడు. వెనకగదిలోకి నడిచి, పెదనాన్న పక్కన మంచమ్మీద వాలి, ఒళ్ళు విరుచుకుని కాళ్ళూ చేతులూ చాపాడు. అతను చాపినకొద్దీ పెదనాన్న గోడవైపు జరిగాడు. గోడ జరగనంది.

"అమ్మాయ్," అన్నాడు పెదనాన్న కాసేపటికి, "సాయంత్రం బస్సేమైనా ఉందా?"

"ఉంది!" అంది అక్క, ఆయన మాట పూర్తికాకుండానే.