సిగ్నల్ బండ

“మా అయ్య డ్యామ్ కట్టేవోళ్ళ పార్టీ. నాను మాత్రం అవతలోళ్ళకే ఓటేసినాను” అని హేమలత స్నేహితురాలికి వాయిస్ మెసేజ్ పెట్టింది. ఊళ్ళో సిగ్నల్ లేక అది ఫోన్‌లోనే ఆగిపోయింది.

మిరియాలు కోసి వచ్చేసరికి ఫోన్ లేదు. అయ్య భీముడు దాన్ని పట్టుకుని కొండ మీద సిగ్నల్ దొరికే బండ దగ్గరికి వెళ్ళాడట. అప్పుడు గుర్తొచ్చింది. తొందరలో మెసేజ్ పెట్టింది స్నేహితురాలికి కాదు, ఊరి గ్రూపులో! డ్యామ్ పార్టీవాళ్ళంతా అందులోనే ఉన్నారు. మొన్న డ్యామ్ వద్దన్నవాడి కాఫీ తోట రాత్రికి రాత్రే నరికేశారు.

ఒక్క పరుగున కొండెక్కింది.

“ఎల్లిపోనాది గుంటా. నానూ ఇన్నాను.” అయ్య ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

“తప్పయిపోనాది అయ్యా!”

“నా గురించే తప్పు సెప్పావు. నానూ నీలాగే ఏసినాను. ఎవరికీ సెప్పకు, నాను ఆళ్ళ పార్టీ అన్న ఆ తప్పే ఇప్పుడు నిన్ను కాయాల.”