సెమీ క్రిస్మస్ కేకు

బన్ను కొనకుండా ఉండటం ఇంత పని అవుతుందని నేననుకోలేదు.

ఫిల్మ్‌నగర్‌లో మా గల్లీ దిగి మెయిన్ రోడ్డు ఎక్కేచోట ఒక బేకరీ ఉంది. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరుంది గానీ దాన్ని ఎవరూ పలకరు, అందరికీ అది మలుపు బేకరీ. పొద్దున టీలోకి బన్ను, షుగరొచ్చాక నాకు రస్కు, చుట్టాలొస్తే దిల్‌పసంద్, మా ఇంట్లోకి అన్నీ అక్కడి నుంచే. ఇప్పుడు ఆ షాపు ముందు మొహం తిప్పుకుని షేక్‌పేట దాకా నడిచి బన్నులు తెస్తున్నాను. నేను సినిమాల్లో కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంట్ మనిషిని. పొద్దంతా షూటింగులో నిలబడి ఇస్త్రీ చేసి, హీరో గారి అమ్మకు చీర పిన్నులు పెట్టి, ఉత్తుత్తి వానలో తడిసిన బట్టలన్నీ నిజంగా ఆరబెట్టి ఇంటికొస్తాను. అప్పటికి నా మోకాళ్లు నా మాట వినడం మానేసి ఉంటాయి. వాటిని బతిమాలుకుంటూ మళ్లీ బయల్దేరాలి.

ఇంట్లో ఆ బన్నుకు మర్యాదేమన్నా ఉందా అంటే అదీ లేదు. మా ఆయన సుందర్ రాజు లైట్‌మన్‌గా రిటైరయ్యాడు. యూనియన్ మీటింగుకు వెళ్లని వారం, చర్చికి వెళ్లని ఆదివారం ఎరగని మనిషి. ఆయన టీలో ముంచీ ముంచగానే షేక్‌పేట బన్ను విడిపోయి గ్లాసు అడుక్కి చేరుతుంది.

"ఏంటే ఇది, బన్నా పిండా?"

"తినండి. పోరాటం అంటే ఇంతే."

"మా రోజుల్లో పోరాటమంటే పని ఆపేవాళ్లం. మంచి బన్ను తినొద్దని ఎవడూ అనలేదు."

అంటాడే గానీ, నేను షూటింగులో ఉన్నప్పుడు కూడా ఒక్కసారి ఆ బేకరీ గడప తొక్కలేదు. అదొక్కటే ఆయనలో నాకు నచ్చే మొండితనం.

ఇదంతా మా పక్క పోర్షన్‌లో ఉండే ఉదయశ్రీ కోసం. ఆ అమ్మాయి మలుపు బేకరీలో కేకులు ప్యాక్ చేసేది. భర్త ఆటో బోల్తాపడి నడుము పోగొట్టుకున్నాక ఇల్లంతా ఆమె చేతుల మీదే నడుస్తోంది. ఆ మధ్య మేం సినిమా కార్మికులం జీతాలు పెంచమని పని ఆపినప్పుడు, సాయంత్రాలు వచ్చి మా వరండాలో కూర్చునేది. యూనియన్ కార్డు ఎవరిస్తారు, ఎవరన్నా చాటుగా పనికి పోతే ఏం చేస్తారు, ప్రొడ్యూసర్లు ఎందుకు దిగొచ్చారు, అన్నీ అడిగేది. నేను చెప్పేదాన్ని. నాకు చెప్పడం ఇష్టం కూడానూ.

కొన్నాళ్లకు బేకరీలో యూనియన్ పుట్టింది. వాళ్లడిగింది పెద్దదేం కాదు. వారానికొక రోజు సెలవు, కౌంటర్ వెనక కూర్చోవడానికి స్టూళ్లు. ఓనర్ ఓంప్రకాష్ వాళ్లందర్నీ తీసేసి కొత్తవాళ్లను పెట్టుకున్నాడు. తీసేసిన వాళ్లు ఎదురుగా రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నారు. వాళ్లకు నాయకుడు నర్సింహ, బట్టీ దగ్గర పనిచేసినవాడు. వచ్చేపోయే వాళ్లను చేతులు జోడించి ఒకటే అడుగుతాడు, మమ్మల్ని మళ్లీ పనిలోకి తీసుకునేదాకా ఇక్కడ ఏమీ కొనొద్దని. జూబ్లీ హిల్స్ నుంచి కార్లొచ్చి ఆగుతాయి. డ్రైవరు దిగి కొనుక్కుపోతాడు. కొనిపించే మనిషి వెనక సీట్లో అద్దం దించకుండా కూర్చుంటే నర్సింహ ఎవరికి దండం పెడతాడు?

"డిసెంబరు ఒక్కటే మా చేతుల ఉన్నదక్కా" అంది ఉదయశ్రీ ఒకరోజు. "ఏడాది మొత్తం అమ్మేది ఒకెత్తు, క్రిస్మస్ కేకులు ఒకెత్తు. గీ నెల గిరాకీ పడిపోతెనే సేటు మాతోని మాట్లాడతడు. పండుగ దాటిందంటే మేము గాడ ఎన్నొద్దులు కూసున్నా ఆయనకేం ఫికరుంటది?"

క్రిస్మస్ కేకులనగానే నాకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే మా చర్చి స్త్రీల సమాజానికి సెక్రటరీని నేనే, మా సెమీ క్రిస్మస్‌కు కేకు ఆర్డరిచ్చేదీ నేనే. పండుగ ఇరవై ఐదున అయినా మావాళ్లకు అందాకా ఆగే ఓపిక లేదు. డిసెంబరు వస్తే చాలు, ప్రతి చర్చీ ప్రతి ఆఫీసూ ముందుగానే ఒక క్రిస్మస్ చేసేసుకుంటాయి. మా చుట్టుపక్కల మొట్టమొదట చేసేది మేమే. ఆ రోజు పెద్ద కేకు కోసి, ఇంటికొక ప్లమ్ కేకు పంచుతాం. అన్నీ మలుపు బేకరీవే. మేమెక్కడ కొంటే బోరబండ దాకా ఉన్న చర్చిలన్నీ అక్కడే కొంటాయి.

కమిటీలో ఈసారి ఆ బేకరీ వద్దన్నాను. మా పాస్టరు బెన్సన్ అయ్యగారు మెత్తని మనిషి. ఇబ్బందిగా కదిలారు.

"మనకెందుకండీ కరుణమ్మగారూ వాళ్ల గొడవ? మందిరంలోకి ఇవన్నీ తీసుకురావడం..."

"ఏడో రోజు పని మానుకోమన్నది ఎవరండీ అయ్యగారూ? వాళ్లడుగుతున్నదీ అదేగా."

ఆయన నవ్వేశారు. నవ్వితే ఒప్పుకున్నట్టే. "మరి కేకులెలాగమ్మా?" అన్నారు.

"మేమే చేస్తామండీ" అన్నాను. నా నోటికి మోకాళ్ల సంగతి ఎప్పుడూ గుర్తుండదు.

ఆ వారమంతా మా ఇల్లు ఇల్లు కాదు. షూటింగు నుంచి రావడం, గుడ్లు గిలకొట్టడం, కుక్కరు అడుగున ఇసుక పోసి పెట్టడం. సమాజంలో సగం మంది చేస్తామన్నారు, అందులో సగం మంది చేశారు. కొన్ని మాడాయి, కొన్ని మధ్యలో గుంట పడ్డాయి. మా ఆయన గుంటలు పడిన వాటిని బయటికి కనపడకుండా బటర్ పేపర్లో చుట్టి రిబ్బన్లు కట్టాడు. ఉదయశ్రీ ఆ వారం మా వైపు రాలేదు. నేనూ గమనించలేదు. ఆమె కోసం చేస్తున్న పనిలో పడి ఆమెనే మర్చిపోయాను.

సెమీ క్రిస్మస్ సాయంత్రం బాగానే మొదలైంది. పాటలయ్యాయి, పిల్లల నాటకం అయింది. బల్ల మీద మా కేకులు పెట్టుకున్నాం. అంతలో తలుపు దగ్గర అలికిడైంది. మలుపు బేకరీ టోపీ, ఏప్రాన్ వేసుకుని ఉదయశ్రీ లోపలికొచ్చింది. ఆమె వెనక ఇద్దరు కొత్తవాళ్లు పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. మూడంతస్తుల క్రీము కేకు.

"సేటు పంపిండక్కా" అంది నేల చూస్తూ. "చర్చికి ఉత్తగనే ఇస్తున్నడట."

"నువ్వు... ఈ బట్టలేంటి?"

"పొద్దుగాల పోయిన. మాఫీ అడిగిన. యూనియన్ల లేనని చెప్పిన." గొంతు తగ్గించింది. "ఏం చెయ్యాల్నక్కా, ఇంట్ల నడుస్తలేదు."

"నర్సింహ వాళ్లు?"

"గాడనే కూసున్నరు. నేను లోపటికి పోతుంటే నా దిక్కు సూడలే." ఏప్రాన్ జేబులోంచి ఫోన్ తీసింది. "మీరు కేకు కట్ చేసేది ఫోటో తీస్కరమ్మన్నడు. ఫోటో తెస్తెనే రేపటిసంది పని అన్నడు."

ఆ ఫోటో ఎందుకో నాకు అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. మా కాస్ట్యూమ్ పనిలో అన్నింటికీ ఫోటోయే సాక్ష్యం. నిన్నటి సీనులో మూడో గుండీ పెట్టుకుని ఉందా లేదా అన్నది మనిషిని అడగం, ఫోటోలో చూస్తాం. అందులో ఏముంటే అదే జరిగినట్టు. కొనొద్దని పట్టుబట్టిన కరుణాకుమారి నవ్వుతూ కేకు కోస్తున్న ఫోటో రేపు ఊళ్లో చర్చి గ్రూపులన్నింటిలో తిరుగుతుంది. ఆర్డర్లు మొదలవుతాయి. ఆ టార్పాలిన్ కింద వాళ్లు ఇక కూర్చున్నా లేచినా ఒకటే.

అయ్యగారికి ఇవేవీ తెలియవు. "చూశారా, ప్రభువు ఓంప్రకాష్ గారి మనసు మార్చాడు" అని మైకులో చెప్పేశారు. పిల్లలు చప్పట్లు కొట్టి బల్ల చుట్టూ మూగారు. మేం చేసిన కేకుల వైపు ఒక్కడూ చూడలేదు.

మా ఆయన కుర్చీలోంచి లేచి నా పక్కకొచ్చాడు. "కరుణా, వెనక్కి పంపెయ్. దీని మీద కత్తి పెట్టావంటే అక్కడ వాళ్ల నెత్తి మీద పెట్టినట్టే."

ఆయన చెప్పింది తప్పు కాదు. పంపెయ్యాలి. కానీ వెనక్కి మోసుకుపోవాల్సింది ఓంప్రకాష్ కాదు కదా. ఆయన తెలివైనవాడు, నాకెదురుగా తను రాకుండా ఉదయశ్రీని నిలబెట్టాడు.

"అక్కా, జర..." అంది. అంతకన్నా ఏం అడగలేదు. ఫోన్‌లో కెమెరా తెరిచింది.

నేను అలసిపోయి ఉన్నాను. ముందు ఆ మాట ఒప్పుకోవాలి. వారం రోజుల కుక్కర్లు, నెలల తరబడి షేక్‌పేట నడక, ఆ నిమిషాన అన్నీ కలిసి మీద కూర్చున్నాయి. టార్పాలిన్ కింద ఉన్నవాళ్లు నాకు కనపడటం లేదు, ఈ పిల్ల కనపడుతోంది. కత్తి తీసుకున్నాను. మా ఆయన బయటికి నడిచాడు.

"జర నవ్వక్కా" అంది ఉదయశ్రీ, ఫోన్ పైకెత్తి. నవ్వాను. షూటింగుల్లో ఎంతమందిని చూడలేదు, ఆ మాత్రం నవ్వడం నాకూ వచ్చు.

ఫోటో బాగా వచ్చిందో లేదో రెండుసార్లు చూసుకుంది. ఆమె మొహంలో అంత తేటదనం చూసి ఎన్నాళ్లయిందో. పోనీలే, ఒక్క ఇల్లయినా నిలబడింది అనుకున్నాను. మొదటి ముక్క కోసి ఆమె నోటి దగ్గర పెట్టాను.

తల పక్కకు తిప్పుకుంది.

"నాకొద్దక్కా."

"తినవే. నీ కోసమేగా కోసింది."

"గాడ కూసున్నప్పుడు అందరం ఒట్టు పెట్టుకున్నం. మమ్మల్నందరినీ తీసుకునేదాక గా షాపుది నోట్ల పెట్టొద్దని." ఫోన్ జేబులో పెట్టుకుంది. "వాళ్లనింక తీసుకోలే కదక్కా."

టోపీ సరిచేసుకుని, పొద్దున్నే పనికి రమ్మన్నడు అని చెప్పి వెళ్లిపోయింది.

ముక్క నా చేతిలోనే ఉంది. యూనియన్ అంటే ఏంటో ఆ పిల్లకు వరండాలో కూర్చోబెట్టి చెప్పింది నేను. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఓంప్రకాష్ మీద కోపం రావాలి, అది తర్వాత వచ్చింది. ఎవరో పిల్లాడు చెయ్యి లాగితే ముక్క వాడికిచ్చేశాను. వేళ్లకు క్రీము అంటుకుంది. ఊళ్లో వాళ్ల బట్టలకు మరకలు పడకుండా చూడటమే నా బతుకు. ఆ క్రీమంతా నా కొత్త చీరకే తుడిచేసుకున్నాను.