సెకండ్ గేర్ పడని బండి

గోపాలపట్నం దగ్గర రోడ్డు మధ్యలో దేవీప్రసాద్ బండి మళ్ళీ న్యూట్రల్‌లోకి జారిపోయింది. సెకండ్ పడిందనుకుని ఎక్సిలేటర్ ఇస్తే ఇంజిన్ ఊరికే అరిచింది తప్ప బండి ముందుకు కదల్లేదు. వెనక వస్తున్న సిటీ బస్సు హారన్ కొడుతూ పక్కకి తప్పుకుంది. కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి వంగి ఏదో తిట్టాడు. ఆ తిట్టు దేవీప్రసాద్‌కి సరిగ్గా వినపడలేదు, వినాలనీ లేదు. కాళ్ళతో తోసుకుంటూ బండిని పక్కకి తెచ్చి, హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు.

అతను హార్బరు వైపు ఓడలు రిపేరు చేసే ఒక షెడ్డులో వెల్డరు. ఇల్లు సబ్బవరం అవతల. ఆ దారిలో రోజూ పోయి రావడం అతనికి అలవాటైపోయింది. బండి కూడా అతనితో పాటే పాతబడింది. సీటు రెండుసార్లు మార్చాడు, సైలెన్సరుకి తనే వెల్డింగు పెట్టుకున్నాడు. ఇంజిన్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. కొన్నాళ్ళుగా గేర్లే ఇలా ఏడిపిస్తున్నాయి. ఫస్టుకి కిందికి తొక్కితే పడుతుంది. మిగతా గేర్లకి రాడ్డు కింద పాదం పెట్టి పైకి ఎత్తాలి. ఎత్తుతాడు, సగం పడుతుంది, ఊడిపోతుంది.

హార్బరు దగ్గర పాత టౌనులో మెకానిక్ కరీం దగ్గరికి ఇప్పటికే రెండుసార్లు తీసుకెళ్ళాడు. కరీం అతని ఈడువాడే, చాలా ఏళ్ళుగా ఆ బండి మీద చెయ్యి వేసేది అతనొక్కడే. మొదటిసారి క్లచ్ వైరు సాగిపోయిందని కొత్తది వేశాడు. రెండోసారి ఇంజిన్ పక్క మూత విప్పి, గేర్ రాడ్డుని వెనక్కి లాగే స్ప్రింగు బలం తగ్గిందని మార్చి, ఆయిల్ కూడా పోశాడు. రెండుసార్లూ నిజంగానే ఆ సామాన్లు పాడయ్యే ఉన్నాయి. రెండుసార్లూ నాలుగు రోజులు బాగుందనిపించి మళ్ళీ మొదలైంది.

ఆదివారం మధ్యాహ్నం మూడోసారి వెళ్ళాడు. కరీం అన్నం తిని వచ్చి షాపు ముందు నీడలో కూర్చున్నాడు. బండిని చూడగానే అతని మొహం వాడిపోయింది.

"మల్లీ అదేనా బావా?"

"అదే. నిన్న బస్సు కింద పడిపోదును."

"ఇంకేటుంది మార్సడానికి? ఇంజిన్ మొత్తం దింపి లోపల సూడాలి. అంత పని పెట్టుకునే ముందు నాను ఒకపాలి నడిపొత్తాను ఉండు."

కరీం బండెక్కి పాత పోస్టాఫీసు వైపు వెళ్ళి వచ్చాడు. దిగుతూ తల అడ్డంగా ఊపాడు.

"నాకు అన్నీ పడతన్నాయి. ఒక్కటీ జారలేదు."

"అంటే నాను అబద్ధం సెప్తన్నానా?" దేవీప్రసాద్ గొంతులో కోపం కూడా లేదు, విసుగే ఉంది.

"అలగనలేదు. నువ్వు నడుపు. నాను ఎనక కూకుంటాను."

ఇద్దరూ బయల్దేరారు. ఫస్టు పడింది. సెకండ్ వేయబోతే ఇంజిన్ అరిచింది. దేవీప్రసాద్ మళ్ళీ ప్రయత్నించాడు. వెనక కూర్చున్న కరీం ఎడమపక్కకి వంగి కిందికి చూశాడు. బూటు రాడ్డు కిందికి వెళ్ళింది గానీ పాదం పైకి లేవలేదు. మోకాలి నుంచి కాలు మొత్తం ఎత్తి రాడ్డుని లేపాలని దేవీప్రసాద్ తంటాలు పడుతున్నాడు. చీలమండ దగ్గర పాదం తెగిన వైరులా వేలాడుతోంది.

"బావా, బండి పక్కన పెట్టు," అన్నాడు కరీం.

ఒక మూసిన కొట్టు అరుగు మీద దేవీప్రసాద్‌ని కూర్చోబెట్టి బూటు తీయమన్నాడు. మడమ నేల మీదే ఉంచి వేళ్ళు పైకి లేపమన్నాడు. కుడికాలి వేళ్ళు లేచాయి. ఎడమకాలివి లేవలేదు. దేవీప్రసాద్ పళ్ళు బిగించాడు, తొడ కండరం బిగుసుకుంది గానీ పాదం నేలకి అంటుకునే ఉంది.

దేవీప్రసాద్ విప్పిన బూటు వైపు చూశాడు.

"బూట్లు బరువు కదా," అన్నాడు దేవీప్రసాద్. "ముందు ఇనుపరేకు ఉంటాది. దానివల్ల అనుకున్నాను."

"ఇప్పుడు బూటు లేదు బావా."

"స్ప్రింగు మార్సినావు కదా నువ్వు. అది పోయిందని నువ్వే అన్నావు."

"అదీ పోయింది. ఇదీ పోయింది. స్ప్రింగంటే నాను ఎయ్యగలను." కరీం అతని బూటు తీసి దుమ్ము దులిపి పక్కన పెట్టాడు. "ఆసుపత్రికెల్లు. సెల్లెమ్మని తీస్కెల్లు."

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి దేవీప్రసాద్‌కి ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. కానీ భార్య చిలకమ్మ అన్నం వడ్డిస్తూ బండి బాగయిందా అని అడిగింది. చెప్పక తప్పలేదు. చిలకమ్మ అంతా విని, గరిటె గిన్నెలో పెట్టేసి నేల మీద కూర్చుంది.

"గుమ్మం దాటినప్పుడల్లా నీ కాలు నేలని రాసుకుంటన్నాది. నాను ఇంటన్నాను. సెప్పు కూడా రెండుపాల్లు వాకిట్లోనే ఊడిపోయింది. అలిసిపోయి ఈడుత్తన్నావనుకున్నాను."

"నానూ అలగే అనుకున్నాను," అన్నాడతను.

పెద్దాసుపత్రిలో డాక్టరు మోకాలి బయటిపక్క వేలితో నొక్కి చూశాడు. ఏం పని చేస్తావని అడిగాడు. గంటల తరబడి గొంతుకూర్చుని వెల్డింగు చేస్తానని దేవీప్రసాద్ చెప్పాడు. అలా కూర్చున్నప్పుడు అక్కడి నరం నొక్కుకుపోయిందనీ, పాదాన్ని పైకి లేపేది ఆ నరమేననీ డాక్టరు చెప్పాడు. ఇకమీదట గొంతుకూర్చోకూడదు, కాలికి పట్టీ కట్టుకోవాలి, వారం వారం వచ్చి వ్యాయామం చేయించుకోవాలి. నరం మెల్లగా కోలుకోవచ్చు, ఎంతవరకూ అన్నది ఇప్పుడే చెప్పలేనన్నాడు.

అసలు భయం షెడ్డులో ఉంది. ఓడ పక్కన కట్టిన పరంజా మీద, అంత ఎత్తులో, పాదం తగిలి తూలితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రెండు రాత్రులు దాని గురించే ఆలోచించాడు. దాచిపెడితే కొన్నాళ్ళు గడిచిపోతుంది. కిందనే పనిచేసే తన హెల్పరు వరహాలు నెత్తిన పడితే? మూడో రోజు తనే వెళ్ళి సూపర్‌వైజరు ఉదయ్‌కుమార్‌కి చెప్పాడు. ఉదయ్‌కుమార్ తిట్టలేదు, జాలిపడనూ లేదు. పరంజా పనినుంచి తప్పించి కింద బల్ల దగ్గర పైపులు అతికే పనిలో వేశాడు. దేవీప్రసాద్ పాత ఇనుపముక్కలతో ఒక స్టూలు చేసుకుని దాని మీద కూర్చున్నాడు. తలెత్తితే పైన వేరేవాళ్ళ నిప్పురవ్వలు రాలుతూ కనిపించేవి. మొదటి వారం తలెత్తకుండానే పనిచేశాడు.

ఈలోగా కరీం ఫోన్ చేసి బండి తీసుకు రమ్మన్నాడు. వెళ్ళేసరికి తుక్కుసామాన్ల కొట్టులో వెతికి తెచ్చిన ఒక పొడుగు రాడ్డు సిద్ధంగా ఉంది. దానికి కాలు పెట్టడానికి ముందొక పలక, వెనకొక పలక. కరీం పాత రాడ్డు ఊడదీసి గేరు ఇరుసు పళ్ళకి దీన్ని తొడిగాడు. పళ్ళు సరిపోయాయి గానీ వెనక పలక ఫుట్‌రెస్టుకి తగిలింది. తీసి, వేడిచేసి వంచి మళ్ళీ బిగించాడు. ఈసారి బాగా ఎత్తు మీద నిలిచింది. మళ్ళీ తీశాడు. ఎండలో ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి.

"ఇంక పైకి ఎత్తక్కర్లేదు," అన్నాడు కరీం, చివరికి బోల్టు బిగించి. "ఎనక పలకని మడంతో కిందికి తొక్కు. ముందుపక్క దానంతటదే లేత్తాది. సెకండ్, థర్డ్, అన్నీ అలగే. మడం బలం నీకు బాగానే ఉంది."

దేవీప్రసాద్ వీధి చివరిదాకా వెళ్ళాడు. మడమతో తొక్కితే సెకండ్ టక్కున పడింది. మళ్ళీ తొక్కితే థర్డ్. ఏదీ జారలేదు. తిరిగొచ్చి ఇంజిన్ ఆపాడు. సంతోషించాలని అతనికి తెలుసు. కానీ ఇంతకాలం బండిదే తప్పనుకుని దాన్ని తిట్టుకున్న రోజుల్లో ఏదో సుఖం ఉన్నట్టనిపించింది.

"బాగుందా?"

"బాగుంది."

"మొహం అలగ లేదే."

"అలిసిపోయాను కరీం. అంతే."

కరీం తల ఊపి, చేతులు గుడ్డకి తుడుచుకుని టీ చెప్పడానికి లేచాడు.

అప్పటినుంచి అతని సెలవురోజు ఆదివారానికి బదులు మంగళవారం అయింది. ఆరోజు చిలకమ్మ కూడా అతనితో ఆసుపత్రికి వస్తోంది. అక్కడ కాలికి కరెంటు పెడతారు, రబ్బరు పట్టీతో పాదం లాగిస్తారు. వానాకాలం వచ్చేసరికి బొటనవేలు కొద్దిగా కదలడం మొదలైంది. చిలకమ్మ చూశానంది. అతనికి నమ్మకం కలగలేదు. మళ్ళీ కదిపి చూపించమంటే కదిపాడు. కదిలింది.

ఆ రోజు తిరుగుదారిలో పెందుర్తి దాటాక చినుకులు ఆగిపోయాయి. చిలకమ్మ మాటలు తగ్గాయి. కాసేపటికి నిద్రపట్టి ఆమె తల అతని వీపు మీద ఆనింది. చెయ్యి నడుం చుట్టూ ఉందో లేదో తడిమి చూసుకుని, దాన్ని తన ఎడమచేత్తో కాసేపు పట్టుకున్నాడు. తర్వాత థర్డ్‌లోనే, లారీలన్నీ దాటిపోతున్నా, రోడ్డు అంచున నెమ్మదిగా నడుపుకుంటూ పోయాడు.