తూములో గొంతు

వానలు పడేలోగా ఏ వీధుల్లో పూడిక తీయాలో, ఏ పైపులు మార్చాలో తేల్చే పని ఆ ఏడు మునిసిపాలిటీ ఇంజనీరమ్మ నెత్తిన పడింది. ఆఫీసులో కూర్చుని గీతలు గీయడం ఆమెకు నచ్చదు. మేస్త్రీని వెంటబెట్టుకుని వీధి వీధీ తిరిగింది. ఆ మేస్త్రీని అందరూ రేడియో అంటారు. నిద్రలో కూడా నోరు మూతపడదని వాళ్లావిడే చెబుతుంది.

పాత వీధిలో దర్జీ పని చేసుకునే ఆవిడ వాళ్లను గుమ్మంలోనే ఆపింది.

"మా వంటింటి తూములోంచి ఎవరో మాట్లాడుతున్నారు మేడమ్. నిన్న పొద్దుటినుంచీ."

"పైపులో గాలాడితే అలాగే ఉంటుందమ్మా," అన్నాడు రేడియో. "మా ఇంట్లోదైతే పాటలే పాడుతుంది."

ఇంజనీరమ్మ నవ్వుతూనే సింకు కింద మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనించింది. నవ్వు ఆగిపోయింది. ఎక్కడో లోపలినుంచి, ఆడగొంతు, పసిపిల్లను ఊరుకోబెడుతున్నట్టు మెల్లగా అంటోంది: "నిద్రపోకు. వస్తున్నారు."

కాస్త ఆగి మళ్లీ అదే మాట.

"ఎవరొస్తున్నారు మేడమ్?" అడిగింది దర్జీ ఆవిడ. "నాతోనే అంటోందనుకుని రాత్రంతా కన్ను మూయలేదు."

"నీతో కాదులే అక్కా. పైపు ఎక్కడో పగిలి ఇంకో ఇంటి పైపుతో కలిసింది. అక్కడి మాటలు ఇక్కడ వినబడుతున్నాయి. ఏ ఇల్లో కనుక్కుంటే సరి," అంది ఇంజనీరమ్మ.

ఇంటింటికీ వెళ్లారు. రేడియో ఒక్కో స్నానాలగదిలో నిలబడి కేకేస్తే ఆమె సింకు దగ్గర చెవిపెట్టి విన్నది. ఏ ఇంటినుంచీ చప్పుడు రాలేదు. ఇక మిగిలింది చివరనున్న గడియారాలు బాగుచేసే తాత ఇల్లే. తలుపులు వేసి ఉన్నాయి. కూతురి దగ్గరికి వెళ్తానన్నాడని, వెళ్లే ఉంటాడని పక్కింటివాళ్లు చెప్పారు.

"ఒకసారి చూద్దాం," అంది ఇంజనీరమ్మ.

రేడియో గోడెక్కి స్నానాలగది కిటికీలోంచి తొంగి చూశాడు. "మేడమ్, కాలు కనబడుతోంది," అన్నాడు చిన్నగా.

తలుపు పగలగొట్టారు. తాత తడి నేల మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. తుంటి విరిగింది, పెదాలు ఎండిపోయాయి, కానీ కళ్లు తెరిచే ఉన్నాయి. ఇంజనీరమ్మ గ్లాసుతో నీళ్లు పట్టింది.

"మీతో పాటు ఇంట్లో ఎవరున్నారు తాతా?"

"ఎవరూ లేరమ్మా."

"మరి మాట్లాడిందెవరు?"

తాత నీళ్లు గుటక వేసి, గదిమూలనున్న తూము వైపు చూశాడు. "నేనూ అదే అడుగుదామనుకున్నా. కళ్లు మూతలు పడినప్పుడల్లా అందులోంచి ఓ ఆడగొంతు లేపుతూనే ఉంది. మీ వాళ్లేమో అనుకున్నాను."

అంబులెన్సు ఆయన్ని తీసుకెళ్లిపోయింది.

ఆ ఏటి పనుల్లో ఇంజనీరమ్మ పాత వీధినే ముందు పెట్టించింది. తవ్వకం మొదలైన రోజు గట్టుమీద నిలబడి చూసింది. దర్జీ ఆవిడ పైపు నేరుగా వీధి కాలువలోకి పోతోంది. తాత ఇంటి పైపు పెరటి సందులోకి, పూర్తిగా అటువైపు. రెంటికీ మధ్య గడ్డపార దిగని గట్టి మట్టి తప్ప ఏమీ లేదు. అవి ఎన్నడూ కలవలేదు.

రేడియో గోతిలోంచి తలెత్తి ఆమెను చూశాడు. ఆ రోజంతా మళ్లీ నోరు విప్పలేదు. కూలీలు కొత్త పైపులు వేసి మట్టి కప్పేశారు.

"లోపం ఏంటి?" అని కమిషనరు అడిగితే, "పైపులు పాతవి సార్, మార్చేశాం," అంది ఇంజనీరమ్మ.

తాత కర్ర సాయంతో నడుస్తున్నాడని తెలిసి, ఒక సాయంత్రం ఆ వీధికి వెళ్లింది. దర్జీ ఆవిడ కుట్టుమిషను ఆపి పలకరించింది.

"ఇప్పుడేం వినబడట్లేదు మేడమ్. కొత్త పైపు కదా."

"మంచిదేగా అక్కా."

"మంచిదే," అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. "కానీ ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను కదా. రేపు నేను పడితే నన్నెవరు లేపుతారా అని."

ఇంజనీరమ్మ వంటింట్లోకి వెళ్లి, సింకు కింద మోకాళ్ల మీద కూర్చుని, కొత్త పైపుకు చెవి ఆనించింది.